యాకోబు 5:7-11 మరియు మన ప్రసంగములలోని ‘ఓపిక’ : ఒక విమర్శనాత్మక పరిశీలన

వర్షము వెనుకబడిన సంవత్సరమందైనను, ప్రత్తి ధర పడిపోయిన సంవత్సరమందైనను మన గ్రామీణ సంఘములలో తప్పక వినబడు వాక్యభాగము యాకోబు పత్రిక 5:7. వ్యవసాయకుడు వర్షము కొరకు కనిపెట్టునట్లు విశ్వాసియు ఓపికతో కనిపెట్టవలెనని బోధకుడు చెప్పును, ప్రజలు ఆమేన్ అందురు. ఈ బోధలో అసత్యమేమియు లేదు. అయితే అది సగములో ఆగిపోవుచున్నదని మా అభిప్రాయము.

వరంగల్ ప్రాంతములోని నెక్కొండను దృష్టిలో ఉంచుకొని మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గములో, వరంగల్‌కును డోర్నకల్‌కును మధ్య ఉన్న మండల కేంద్రమది. చుట్టునున్న గ్రామములు వరి, ప్రత్తి, మిరప పంటల మీద బ్రదుకుచున్నవి. యాకోబు చెప్పిన వ్యవసాయకుడు అక్కడ ఉపమానములోని మనిషి కాడు, ఆదివారము రెండవ వరుసలో కూర్చుండు మనిషి. అట్టివానికి ఓపికను గూర్చి బోధించునప్పుడు మనము ఏమి చెప్పుచున్నామో, ఏమి చెప్పక విడిచిపెట్టుచున్నామో పరీక్షించుకొనవలసియున్నది. ఓపికను శ్రమపడువాని విధిగా మాత్రమే చూపుట మనకు అలవాటైనది. ఆ ఓపిక వానికి ఎక్కడనుండి రావలెను, దానిని సమకూర్చుటలో సంఘమునకు పాలెంత అను ప్రశ్నను మన ప్రసంగములు అడుగుట లేదు.

తొలకరియు కడవరియు

మొదట వర్షముల సంగతి చూచెదము. పాలస్తీనాలో తొలకరి వర్షము, అనగా హెబ్రీ భాషలో ‘యోరె’ అనబడునది, అక్టోబరు, నవంబరు మాసములలో కురియును. వేసవి ఎండకు గట్టిపడిన నేల దానివలన మెత్తబడి దుక్కికి వచ్చును. కడవరి వర్షము, ‘మల్కోష్’, మార్చి, ఏప్రిల్ మాసములలో వచ్చి గోధుమ, యవల గింజలను నిండింపజేయును. ద్వితీయోపదేశకాండము 11:14, యిర్మీయా 5:24, యోవేలు 2:23 ఈ రెంటిని కలిపి దేవుని నమ్మకత్వమునకు గురుతుగా చెప్పుచున్నవి. యాకోబు ఆ మాటలనే ఎత్తుకొనెను.

మన రైతు చెవికి తొలకరి అనగా జూను మాసము, మిరుగము, ఎర్రనేల వాసన. అది చక్కని అనువాదమే. చిక్కు కడవరి వర్షముతో వచ్చుచున్నది. నెక్కొండ ప్రాంతములో మార్చిలో మబ్బు పట్టినయెడల ఎవరును స్తోత్రము చెల్లింపరు. అప్పటికి మిరపకాయలు కల్లములో ఆరబోసియుండును. ఒక్క జల్లు పడినను కాయ రంగు మారి, తాలు పెరిగి, ఎనుమాముల మార్కెట్టులో ధర సగమునకు దిగును. ప్రత్తి పగిలిన తరువాత కురిసిన వర్షమును అట్టిదే. కాబట్టి కడవరి వర్షమును గూర్చి వివరణ ఏమియు లేకుండ ఆశీర్వాదముగా బోధించినయెడల, తడిసిన కాయను ఏరుకొనుచున్న స్త్రీకి అది పరదేశపు మాటగా మిగులును. కొందరు బోధకులు ఈ మాటను వెంటనే అంత్యదినముల ఉజ్జీవమునకు అన్వయించుచున్నారు. యోవేలు గ్రంథమునుబట్టి దానికి కొంత ఆధారము చూపవచ్చును గాని, యాకోబు ఇక్కడ చెప్పుచున్నది పంటను గూర్చియే. పొలములో ఉన్నవానిని పొలములోనే కాసేపు ఉండనియ్యవలెను.

ఆ పొలములో మరియొకటి కనబడును. రైతు వర్షము కొరకు కనిపెట్టుట నిజమే గాని, కనిపెట్టుచున్న దినములలో అతడు దున్నును, విత్తును, మొలవనిచోట మరల విత్తును, గుంటుక తోలును, కలుపు తీయించును, పురుగు పట్టెనేమోనని తెల్లవారక ముందే చేను తిరిగివచ్చును. అతని చేతిలో లేనిది వర్షమొక్కటే. యాకోబు ఓపికను ఆ ఒక్కదానికి కట్టెను. మనమైతే రైతు చేతిలో లేనిదానితోపాటు మనుష్యుల చేతిలో ఉన్నదానిని, అనగా ధరను, మిత్తిని, కౌలును, కూలిని కూడ వర్షము వంటివేయన్నట్లు మాటలాడుచున్నాము.

మాటల సంగతి

గ్రీకు మూలములో ఈ భాగమునందు రెండు పదములు గలవు. 7, 8, 10 వచనములలో ‘మక్రోథుమియ’ అను పదము, దాని క్రియారూపములు వచ్చుచున్నవి. కోపమును దూరముగా నిలుపుట, త్వరపడకుండుట అని దాని భావము. 11వ వచనములో ‘హుపొమొనే’ వచ్చును. బరువు క్రింద నిలిచియుండుట దాని భావము. మన తెలుగు బైబిలులో మొదటి పదము గలతీ 5:22లో దీర్ఘశాంతముగాను, యాకోబు 5:7లో ఓపికగాను కనబడును. రెండవ పదము రోమా 5:3-4లో ఓర్పు, యాకోబు 5:11లో సహనము, హెబ్రీ 12:1లో మరల ఓపిక. ఒకే తెలుగు మాట రెండు గ్రీకు పదములకు నిలిచినందున భేదము చెడిపోయినదని కొందరు విద్యార్థులు వ్రాయుట చూచితిమి. మేము దానితో ఏకీభవింపలేము. ఇక్కడ తెలుగు మాట అనువాదకుల అక్కరకు మించిన మేలు చేసినదని మాకు తోచుచున్నది.

ఎట్లనగా, తెలుగువానికి ఓపిక అనగా ఓర్చుకొనుట మాత్రమే కాదు. మెట్లు ఎక్కలేని ముసలమ్మ తనకు ఓపిక లేదనును. జ్వరము తగ్గినవాడు ఇప్పుడిప్పుడే ఓపిక వచ్చుచున్నదనును. నాట్లు వేసి వచ్చిన స్త్రీ రాత్రి కూటమునకు పిలిచినప్పుడు ఓపిక లేదనిన, ఆమె ఆత్మీయస్థితిని గూర్చి మాటలాడుట లేదు, నడుము నొప్పిని గూర్చి మాటలాడుచున్నది. ‘ఓపు’ అను క్రియకు భరించుట, చేయగలుగుట అను రెండు అర్థములును ఉన్నవి. సహనము అను సంస్కృత పదమునకు మూలమైన ధాతువులో కూడ భరించుటతోపాటు జయించుట అను భావము గలదు. హెబ్రీ 12:1లో పరుగుపందెమును గూర్చి ఈ మాట వాడబడినప్పుడు ఏ తెలుగు పాఠకుడును తడబడడు. పరుగెత్తువానికి కావలసినది ఒంటిలో సత్తువయే గదా.

ఒక హెచ్చరిక చేయుట న్యాయము. మాట పుట్టుకనుబట్టి వేదాంతము కట్టరాదని జేమ్స్ బార్ 1961లో ప్రచురించిన గ్రంథములో గట్టిగా వాదించెను. వేదాంత కళాశాలలలో అది నేటికిని చదువదగినది. మేము చెప్పుచున్నది మాట పుట్టుకను గూర్చి కాదు, వినువారు ఈనాడు ఆ మాటతో ఏమి గ్రహింతురను దానిని గూర్చి. ఓపిక అనగా బలము అయినయెడల, ఓపిక పట్టుమని ఆజ్ఞాపించినంత మాత్రమున అది కలుగదు. తిండి లేనివానికి బలము తెచ్చుకొమ్మని చెప్పుట ఎట్టిదో ఇదియు అట్టిదే. యాకోబే తన పత్రిక 2:15-16లో, వస్త్రములేని సహోదరునికి చలి కాచుకొమ్మని చెప్పి పంపివేయువానిని గద్దించెను. అయిదవ అధ్యాయమును బోధించునప్పుడు రెండవ అధ్యాయమును మరచుట మన అలవాటు.

విడిచిపెట్టబడిన ఆరు వచనములు

7వ వచనములో గ్రీకున ‘ఊన్’ అను చిన్న మాట ఉన్నది. కాబట్టి అని దాని అర్థము. దేనినిబట్టి? 1 నుండి 6 వచనములనుబట్టి. అక్కడ ధనవంతులు పొలము కోసిన పనివారి కూలి బిగబట్టిరి. ఆ కూలి మొఱ్ఱపెట్టుచున్నది, కోతవారి కేకలు సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని చొచ్చినవి. కూలి ఏ దినమునకు ఆ దినమే ఇయ్యవలెనను ధర్మశాస్త్రవిధి (లేవీ 19:13, ద్వితీ 24:14-15) యాకోబు మనస్సులో ఉండెననుట స్పష్టము. ఆ మాటలు చెప్పిన తరువాతనే అతడు సహోదరుల తట్టు తిరిగి ఓపిక కలిగియుండుడనెను. అనగా ఇక్కడ ఓపిక అన్యాయమును అన్యాయమని పేరుపెట్టి పిలిచిన తరువాత వచ్చు మాట. మేము వినిన ప్రసంగములలో మిక్కిలి పాలు 7వ వచనముతో ఆరంభమైనవి. 1-6 వచనములు వేరొక ఆదివారమునకు కూడ వచ్చుట అరుదు. కానుక పట్టిలో ముందున్నవారు నొచ్చుకొందురను భయము దీనికి కొంత కారణమని చెప్పుటకు మేము సంకోచింపము.

నెక్కొండ వంటి చోట ఇది ఊరక వ్యాఖ్యానభేదము కాదు. తన పొలము లేక ఇతరుల భూమిని కౌలుకు చేయువాడు పంటకు ముందే కౌలు చెల్లించును. పెట్టుబడికి మిత్తికి తెచ్చును, అప్పిచ్చిన వ్యాపారికే పంట అమ్మును. పట్టా అతని పేరున లేదు గనుక బ్యాంకు అతనిని ఎరుగదు. కౌలుదారులకు ఋణ అర్హత కార్డులు ఇచ్చుటకు 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టము చేయబడెను. 2018లో తెలంగాణలో ఆరంభమైన రైతుబంధు పథకములో కౌలుదారులు చేర్చబడలేదు. ఇట్టివాడు మందిరములో కూర్చుండి 5:7 వినునప్పుడు, వర్షము కొరకును పట్టాదారుని దయ కొరకును ఒకే విధముగా కనిపెట్టుమని విన్నట్లు కాకుండ చూచుట బోధకుని పని. ఇది సువార్తను సంఘసేవగా మార్చుటయని కొందరు అభ్యంతరపడవచ్చును. ప్రభువు చెవిని చొచ్చినదేమో 4వ వచనము చెప్పుచున్నది. దానిని మన ప్రసంగములోనికి రానిచ్చుటకు ఇంతకంటె వేరు అనుమతి అక్కరలేదు.

మనము చెప్పు దృష్టాంతములు

ఓపికను గూర్చిన ప్రసంగములో తరచుగా వచ్చు తెలుగు సంఘచరిత్ర ఒంగోలుది. 1836లో శామ్యూల్ డే వచ్చుటతో ఆరంభమైన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను ఫలము లేనందున మూసివేయబడవలసినదని పలుమారులు చర్చింపబడెను. 1854 జనవరి 1న లైమన్ జూవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండమీద ప్రార్థించిరి. 1878 జూలై 3న ఒక్క దినమే 2222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. ప్రార్థించిరి, కనిపెట్టిరి, పొందిరి అని మూడు ముక్కలుగా మనము దీనిని చెప్పుదుము.

మధ్యనున్న ఇరువదినాలుగు సంవత్సరములు ఈ చెప్పుటలో మాయమగుచున్నవి. జాన్ క్లౌ మరణానంతరము 1914లో వెలువడిన అతని గ్రంథమును చదివినవారికి అవి కనబడును. తోళ్ల వ్యాపారియైన మాదిగ యెర్రగుంట్ల పేరయ్య 1866లో విశ్వాసియై తనవారియొద్దకు నడిచిపోయెను. చచ్చిన పశువు మాంసము తినము, గ్రామదేవతల కొలువులో డప్పు కొట్టము, ఆదివారము పని చేయము అని పల్లెల విశ్వాసులు తీర్మానించుకొనిరి. అందుకు ఊరిపెద్దలు వారిని వెలివేసిరి. ఓపిక ఎవరిదని అడిగినయెడల మొదట వీరి పేరు చెప్పవలెను. కొండమీద ప్రార్థించినవారు అవసరమైనప్పుడు ఇంటికి వెళ్లగలవారు, వీరికి వెళ్లుటకు వేరు ఊరు లేదు.

అటు తరువాత 1876-78 కరవు వచ్చెను. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చెను. ఆ కాలములో బాప్తిస్మము కోరి వచ్చినవారిని సుమారు 15 నెలలు నిలిపివేసెను. అన్నము కొరకు చేరిరను మాట రాకూడదని అతని ఉద్దేశము. మాకు ఈ కథలో అన్నిటికంటె విలువైనది ఈ భాగమే. చేతికందిన పంటను కోయక ఆగుట ఒక వైపు, ఆగినన్నాళ్లు కూలి సమకూర్చుట మరియొక వైపు. కూలి ఇయ్యక ఆగుమనినయెడల అది యాకోబు 2:16 అయ్యెడిది. ఈ సంగతి విడిచి సంఖ్యను మాత్రము చెప్పుట వలన మన కాపరులు తమ సంఘములో పదియేండ్లకు పదిమంది చేరినయెడల తమ ప్రార్థనలో లోపమున్నదని కుమిలిపోవుచున్నారు.

యాకోబు ఎన్నుకొన్న మాదిరి చూడుడి. 10వ వచనములో అతడు ప్రవక్తలను చూపెను. వారిలో అనేకులు తాము చెప్పినది నెరవేరుట చూడకయే చనిపోయిరి. ఓపికపట్టినవానికి తప్పక దొరకునను సూత్రమునకు ప్రవక్తలు ఏమాత్రము ఉపకరింపరు. మన చెంతనే దీనికి తగిన ఉదాహరణ ఉన్నది. తిరునెల్వేలిలో 1903లో స్థాపింపబడిన ఇండియన్ మిషనరీ సొసైటీ డోర్నకల్‌ను తన సేవాస్థలముగా ఎన్నుకొనెను. దాని స్థాపకులలో ఒకడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో అక్కడికి వచ్చి, తమిళుడై యుండి తెలుగు నేర్చుకొని, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడాయెను. ఆయనను గూర్చి చెప్పునప్పుడు మనము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ కథీడ్రల్‌ను చూపుదుము. అది మంచిదే, ఆ కట్టడము చూచుటకు ఎవరైనను రైలు దిగవచ్చును. అయితే ఆయన నడచిన పొడవైన మార్గము వేరొకటి. 1919 మే మాసములో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడిరి, ఇద్దరు తప్ప అందరు భారతీయులే. దక్షిణ భారత సంఘైక్యమునకు అక్కడ పునాది పడెను. బిషప్పు పదవిని గూర్చి, అభిషేకములను గూర్చి, పరస్పర సహవాసమును గూర్చి కమిటీలు ఇరువదియెనిమిదేండ్లు చర్చించెను. ఒక వాక్యమును దిద్దుటకు ఇంగ్లండుకును మద్రాసునకును ఉత్తరములు తిరిగిన సందర్భములు గలవు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో ఐక్యము నెరవేరునప్పటికి అజరయ్య లేడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో ఆయన మరణించెను. ఓపికకు ఫలము ఓపికపట్టినవానికే దక్కవలెనను బోధ ఈ జీవితమును ఎక్కడ ఉంచునో మాకు తెలియదు.

యోబు నోరు

చివరగా 11వ వచనములోని యోబు. ఏమియు మాటలాడక ఊరకుండినవాడుగా మన ప్రసంగములలోని యోబు కనబడును. అట్టి యోబు మొదటి రెండు అధ్యాయములలో మాత్రమే ఉన్నాడు. మూడవ అధ్యాయములో అతడు పుట్టిన దినమును శపించెను, ఇరువదిమూడవ దానిలో దేవునితో వ్యాజ్యెమాడుటకు చోటు వెదకెను, ముప్పదియొకటవ దానిలో ప్రమాణపూర్వకముగా తన నిర్దోషత్వమును నొక్కి చెప్పెను. యాకోబు వీటన్నిటిని ఎరిగియే దానిని హుపొమొనే అనెను. పెద్దగా ఏడ్చుట, దేవునిని నిలదీసి అడుగుట ఓపికలో భాగమే. 9వ వచనము నిషేధించినది ఒకరిమీద ఒకరు సణుగుటను. దేవుని యెదుట మొఱ్ఱపెట్టుటను అతడు ఎక్కడను నిషేధింపలేదు.

ఇది మనకు ఎందుకు ముఖ్యమనగా, 1997-98లో పురుగు పట్టి ప్రత్తి పోయి, మందుల అప్పులు మిత్తితో పెరిగి వరంగల్ జిల్లాలో అనేకమంది రైతులు ప్రాణము తీసికొనిరి. ఆ మరణములు ఆ సంవత్సరముతో ఆగిపోలేదు. అట్టి ఇంటిలో సమాధి కార్యక్రమమునకు నిలుచున్నప్పుడు, కొంచెము ఓపిక పట్టియుండినయెడల అని నిట్టూర్చు బోధకులు మనలో ఉన్నారు. ఆ మాట భార్య చెవిలో, పిల్లల చెవిలో ఎన్నేండ్లు ఉండునో వారు తలంపరు. చనిపోయినవానికి ఓపిక లేకపోయెననుట నిజమే, అయితే తెలుగువాని రెండవ అర్థములో నిజము. అతని బలము అయిపోయినది. అది అయిపోవుచుండగా అతని ప్రక్కన పాట పాడినవారిలో ఎవరు చూచిరను ప్రశ్న సంఘము తన్ను తాను వేసికొనవలసినది. బ్రదికియున్నవానిలో ఆ బలము సన్నగిల్లుట కనబడినయెడల అతనిని ఒంటరిగా విడువక, అతని మాట వినుట, పెద్దాసుపత్రికి తోడుపోవుట, పురుగుమందు డబ్బాలను ఇంటిలోనుండి తీయించుట కూడ కాపరి సేవయే.

కోతపండుగనాడు ఈ భాగమును బోధించువారు 5:1 నుండి చదువనారంభింపవలెనని, దుఃఖగృహములో బోధించువారు యోబు 3వ అధ్యాయమును తెరచుటకు జంకవలదని మేము సూచించుచున్నాము. యోబు స్నేహితులను మనము తప్పుపట్టుదుము గాని, వారు నోరు తెరువక ముందు ఏడు దినములు అతనితో నేలమీద కూర్చుండిరి. కాపరియు అంతమట్టుకు చేయగలడు. అటు తరువాత చేయవలసిన పనియు ఒకటి ఉన్నది. ఇట్టి కుటుంబములకు 2004లో జి.ఓ. 421 ద్వారా ప్రభుత్వసహాయము ఏర్పడెను, 2015లో తెలంగాణ ప్రభుత్వము దానిని ఆరు లక్షల రూపాయలకు పెంచెను. విచారణకు అధికారుల త్రిసభ్య సంఘము వచ్చినప్పుడు అప్పు పత్రములు, శవపరీక్ష నివేదిక, భూమి కాగితములు చూపవలెను. కౌలుకు చేసినవాని భార్య యొద్ద భూమి కాగితము ఉండదు. కౌలు నోటిమాట మీద జరిగియుండును, అప్పు వ్యాపారి చిట్టాలో మాత్రమే వ్రాయబడియుండును. ఆ పల్లెలో చదువను వ్రాయను వచ్చినవాడు, సాక్షులను పిలిచి మాటలాడింపగలవాడు అనేకసార్లు మన కాపరియే.